పిట్ట కోసం ఆగిన మేడం

ఫిబ్రవరి పద్దెనిమిది, మంగళవారం. నల్లా నీళ్లు పట్టడం అయింది. రెండు రోజుల బట్టలు ఉతికి ఆరేశాను. గ్యాసు బండ మార్చాను. చింతపండు గింజ తీసి జాడీకెత్తాను. మా ఆయనకు దుకాణానికి టిఫిన్ డబ్బా పంపించాను. బియ్యం చెరుగుతుంటే ఫోన్ మోగింది. యూనివర్సిటీలో నాతో చదువుకున్న అమ్మాయి.

“అక్కా, మేడం పోయింది. పొద్దుగాల్ల. దవాఖానలనే.”

ఎప్పుడు తీసుకుపోతారని అడిగాను. రేపు పదింటికన్నది. ఫోన్ పెట్టేసి చేట మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. సగం చెరిగిన బియ్యం వదిలి లేవడం నాకు చేతకాదు. మొత్తం చెరిగి, డబ్బాలో పోసి, మూత బిగించి అప్పుడు కూర్చున్నాను. ఏడుపు దానంతటదే వచ్చింది.

మర్నాడు పోయి చూసి వచ్చాను. మేడం పెండ్లి చేసుకోలేదు. తమ్ముడి కొడుకు కొరివి పట్టాడు. పేపర్లో జిల్లా పేజీలో చిన్న ఫోటో వేసి, ఎక్కడెక్కడ తవ్వకాలు చేయించిందో రాశారు. రాసినవన్నీ నిజమే. మా తల్లిగారి ఊరి తవ్వకం గురించి మాత్రం ‘ఆశించిన ఫలితం రాలేదు’ అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ వాక్యం నాకు మింగుడు పడలేదు. ఆ రోజుల్లో నేను అక్కడే ఉన్నాను. అందుకని ఇది రాస్తున్నాను.

నేను యూనివర్సిటీ మెట్లు ఎక్కేనాటికి నాకు నలభై దాటాయి. తెలంగాణ వచ్చిన మూడు నాలుగేండ్ల తర్వాతి మాట. చిన్నబిడ్డ హాస్టలుకు పోయింది. జడ్చర్లలో మా ఇల్లు పగలంతా ఖాళీ. దూరవిద్యలో డిగ్రీ ఎప్పుడో అయింది. పాత రాళ్లు, పాత కుండలు, మనుషుల ఆచారాలు, ఇవన్నీ చెప్పే కోర్సులో సీట్లు మిగిలిపోయాయని తెలిసి దరఖాస్తు పెట్టాను. మా ఆయన మోటార్లు రిపేరు చేసే దుకాణం నడుపుతాడు. “బొక్కలు తవ్వే సదువా? గీ వయసుల?” అని నవ్వాడు. ఇల్లు ఆగమైతే మానుకోవాలని షరతు పెట్టాడు.

ఇంటర్వ్యూకు పోతే టేబుల్ వెనక ఒక సన్నటి ఆమె కూర్చుని ఉంది. చీర మీద మగవాళ్ల చొక్కా. నా కాగితాలు పక్కకు పెట్టి అడిగింది:

“మీ ఇంట్ల చెత్త యాడ పోస్తరు?”

పరాచికమేమో అనుకున్నాను. ఆమె ముఖంలో నవ్వు లేదు.

“మున్సిపాలిటీ బండికి, మేడం.”

“బండి రాకముందు?”

“ఇంటెన్క పెంటకుప్పల.”

“దాంట్ల ఏమేముంటుండె?”

పగిలిన గాజులు, అయిపోయిన సెల్లులు, కుండ పెంకులు, పిల్లల పలక ముక్కలు, ఆదివారం తిన్న కూర బొక్కలు, గుర్తొచ్చినవన్నీ చెప్పాను. ఆమె వేళ్లు మడుస్తూ వింది.

“బూడిద యాది మర్చినవు. కట్టెల పొయ్యి లేకుండెనా?”

“ఉండె, మేడం.”

“సరే, చేరు. గా కుప్పను చదువుడే మన పని.”

మొదటి నెలలోనే మా వంటింటిని కొత్తగా వచ్చినవాళ్లు చూసినట్టు చూసి రాసుకు రమ్మంది. నేను ఏ డబ్బా ఎక్కడుందో, ఎవరు ఏ వైపు కూర్చుని తింటారో, ఎవరి గ్లాసు ఏదో, అన్నీ వరుసగా రాశాను. మంచి మార్కులొస్తాయనుకున్నాను. ఆమె చదివి తిరిగిచ్చి, “మంచిగ రాసినవు లెక్కలమ్మా. అందరు యాడ కూసుంటరో ఉంది. నువ్వు యాడ కూసుంటవు?” అన్నది. నేను నిలబడి తింటాను. అది రాయాలని కూడా తోచలేదు. ఆ రాత్రి అందరితో పాటు పీట వేసుకుని కూర్చున్నాను. మా ఆయన ఒక్కసారి చూసి, కూర గిన్నె నా వైపు జరిపాడు. అప్పటి నుంచి యూనివర్సిటీలో నా పేరు లెక్కలమ్మే.

మా తల్లిగారి ఊరు నారాయణపేట దాటినాక కృష్ణ వైపు పోయే తొవ్వలో ఉంటుంది. ఊళ్లో ఎక్కువ మందివి గొర్లు, వాటితో పాటు ఇంత మెట్ట చేను. మా చిన్నాయిన చేనులో పెద్ద పెద్ద గుండ్లు వలయంగా పాతి ఉంటాయి. రాకాసి గుండ్లంటాం. లోపల ఎవ్వరూ నాగలి పెట్టరు. చిన్నప్పుడు గొర్రె పిల్ల అందులోకి పోతే బయట నిలబడి పిలిచేవాళ్లమే కానీ అడుగు పెట్టేవాళ్లం కాదు. ఒకరోజు మేడం బోర్డు మీద సరిగ్గా అలాంటి వలయమే గీసింది. లోపల రాతి పలకలతో గూడు కట్టి, చనిపోయినవాళ్లను కుండలతో సహా పెట్టి, పైన బండ మూసేవాళ్లని చెప్పింది. నేను చెయ్యెత్తాను.

“గిసొంటిది మా చిన్నాయిన చేన్ల ఉంది, మేడం.”

ఆమె సుద్దముక్క కింద పెట్టింది. “ఎవరన్న తవ్విండ్రా?”

“ఎవ్వరు ముట్టలే.”

ఆ మాట ఆమెకు ఎంత పెద్దదో తర్వాత తెలిసింది. తన సర్వీసంతా ఆమె తెరిచిన ప్రతి గూడునూ ముందే నిధుల దొంగలు తెరిచిపోయారు. చెదిరిన బొక్కలు, పగిలిన పెంకులు మిగిలేవి. మనిషి పెట్టినచోట పెట్టినట్టున్న గూడు ఆమె ఒక్కటీ చూడలేదు. వచ్చే ఏడాది ఆమె రిటైర్ కావాలి.

చిన్నాయినను ఒప్పించడానికి నేనే వెంట పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

“ఊరికి కీడైతెనో, మేడం?”

“మీరు ఒద్దన్ననాడు ఒద్దే. ఊరు కాదంటే ఒక్క బొక్క గూడ బండెక్కదు. నా మాట.”

చిన్నాయిన నా వైపు తిరిగాడు. “బిడ్డా, గీమె మాట నీ మాటేనా?”

“నా మాటే, చిన్నాయినా.”

అనుమతులన్నీ వచ్చి పని మొదలయ్యేసరికి ఎండలు ముదిరాయి. మా క్లాసు వాళ్లం, ఊరి పనివాళ్లు కలిసి తాళ్లు కట్టి, చతురస్రం గీసి, ఒక జానెడు లోతు మట్టి పొరపొరగా తీశాం. తెల్లారి ఫోటోలు తీయాలని గుంత అంచులు సాపు చేసి పెట్టాం. పొద్దున పోయి చూస్తే గుంత నిండా పచ్చగా పేడనీళ్ల సాన్పు, మధ్యలో పద్మం ముగ్గు. మా చిన్నమ్మ కొంగు దోపుకుని సంతోషంగా నిలబడి ఉంది.

“పెద్దోళ్లు వచ్చి ఫోటోలు దిగుతరంటిరి గద బిడ్డా. మట్టి మట్టిగ ఉంటె ఏం బాగుంటది?”

ఒకరోజు పని పేడనీళ్లలో పోయింది. మేడం గుంత చుట్టూ ఒకసారి తిరిగింది. కోపం వస్తుందనే అనుకున్నాం. ఆమె కెమెరా తీసి ముగ్గును నాలుగు వైపుల నుంచి ఫోటో తీసి, “ఇది గూడ ఒక పొరే. రాసుకో లెక్కలమ్మా. అన్నిటికంటె పై పొర,” అన్నది. తర్వాత చిన్నమ్మను దగ్గర కూర్చోబెట్టుకుని, సాన్పు చల్లితే కింద మట్టి రంగు ఎట్లా మారుతుందో గోకి చూపించింది. చిన్నమ్మ నాలుక కరుచుకుంది. ఆ రోజు నుంచి గుంత దగ్గరికి కోడి వచ్చినా చిన్నమ్మే తరిమేది.

సామాన్ల బాధ్యత నాకిచ్చారు. బ్రష్షులు, సంచులు, చీటీలు, ఊళ్లోంచి అడిగి తెచ్చిన గడ్డపారలు, మోకులు, తట్టలు. దొరికిన ప్రతి పెంకుకూ సంచి, చీటీ. పనిలో తప్పు జరిగితే మేడం అరిచేది కాదు. దగ్గరికి వచ్చి, “ఎట్ల తెలుసు?” అని ఒక్క మాట అడిగేది. అరుపే నయమనిపించేది.

మూత బండను మోకులు కట్టి పక్కకు జరిపాం. లోపల మట్టి నిండి ఉంది. రెండు రోజులు బ్రష్షులతో తీసినాక కాలి బొక్కలు కనపడ్డాయి, తర్వాత చెయ్యి, తర్వాత తల. పక్కకు ఒరిగి, మోకాళ్లు ముడుచుకుని, పిల్లలు పడుకున్నట్టు. తల దగ్గర లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న కుండలు. ఎవ్వరూ ముట్టనిది. మేడం గుంతలో కూర్చుండిపోయింది. “నీళ్లు ఇయ్యి,” అన్నది. సీసా ఇస్తే తాగడం మరిచిపోయి ఒళ్లో పెట్టుకుంది.

ఆ తర్వాత ఆమె ఒక పని చేసింది. పక్కన దొరికిన గోరంత ముక్క బొక్కో రాయో తేలలేదు. తవ్వకాలు చేసేవాళ్లకు నాలుకతో పరీక్ష మామూలే. బొక్కయితే తడికి అంటుకుంటుంది, రాయి అంటుకోదు. నాలుక చివర ఆనించి చూసింది. సరిగ్గా అప్పుడే మా అవ్వ, చిన్నాయిన తల్లి, కట్టె పట్టుకుని గుంత ఒడ్డుకు వచ్చి నిలబడి ఉంది.

“ఓ పిల్లా! గీ పంతులమ్మ సచ్చినోళ్లను నాకుతాందేందే!”

మాపటికల్లా ఆ మాట ఊరంతా తిరిగింది. మరునాడు చిన్నాయిన మందలో గొర్రె పిల్లలు నీళ్లలాగా పారడం మొదలుపెట్టాయి. రెండు చచ్చిపోయాయి. పక్క దొడ్డిలో ఇంకొకటి. పనివాళ్లు రాలేదు. మేడం సొంత డబ్బులతో నారాయణపేట నుంచి పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన ఇది ఎండాకాలం వచ్చే పారుడు రోగమేనని సూదులు వేశాడు. అవ్వ అంతా చూసి, “సూది సూదే, కీడు కీడే,” అన్నది.

చిన్నాయిన తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. “బిడ్డా, నీకు సదువు. నాకు ఊరు. రేపు నా మందను బాయి కాడికి రానియ్యకుంటె నేనెటు పోవాలె?”

మాట ఇచ్చింది నేను కూడా.

ఊరు గుండ్ల దగ్గర కూడింది. మేడం అందరి మధ్యలో మట్టి మీదే కూర్చుంది. ఒకాయన బొక్కలు కృష్ణలో కలపాలన్నాడు. ఇంకొకాయన ఇప్పుడే పూడ్చాలన్నాడు. ఇంకొకాయన యూనివర్సిటీ ఎంత ఇస్తుందని అడిగాడు. అవ్వ కట్టె నేలకు తాటించింది.

“ఆగుండ్రి. మనింట్ల ఎవరన్న పోతె మూడొద్దులకు పిట్టకు పెడ్తం. పిట్ట ముడితే తృప్తిగ పోయిండ్రనుకుంటం. ముట్టకుంటే ఏదో కోరిక ఉందనుకుంటం. గీ మనిషిని మనం మల్ల బయటికి తీస్తిమి. మల్ల పెట్టాలె. పిట్ట ముడితే పంతులమ్మ తీస్కపోని. ముట్టకుంటే మూత పెట్టాలె. ఏమంటవ్ పంతులమ్మా?”

అందరూ మేడం వైపు చూశారు. ఆమె గూటి వైపు చూసింది. ఆ బొక్కలు లేకపోతే ఏ కాలం మనిషో, ఆడో మగో, ఏం తిని బతికిందో తెలిసే దారి లేదు. ఇది నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

“సరే అవ్వా,” అన్నది.

ఆ సాయంత్రం ఫోన్లో యూనివర్సిటీ నుంచి మా విభాగాధిపతి పెద్దసారు గొంతు నాకు కూడా వినపడింది. “మేడం, ఒక కాకి మీద రిసెర్చ్ ఆధారపడుతుందా? రేపు నేనే వ్యాను తీసుకుని వస్తున్నా.” మేడం, “రండి సార్, భోజనం ఇక్కడే,” అని పెట్టేసింది. తర్వాత చాలాసేపు గుంత ఒడ్డున కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. చెప్పులు విడిచి పక్కన పెట్టుకుంది, ఎవరింటికో వచ్చినట్టు.

తెల్లారి వంట మా చిన్నమ్మ ఇంట్లో. పిట్టకు పెట్టేటప్పుడు పోయినవాళ్లకు ఇష్టమైనవి వండాలి. ఈ మనిషికి ఏమిష్టమో ఎవరికి తెలుసు? చిన్నమ్మ కూరలో కారం వేయబోతుంటే మేడం చెయ్యి పట్టుకుంది.

“కారం ఒద్దమ్మా. అప్పుడు మన దగ్గర మిరపకాయ లేదు. అది శానా ఎనక ఓడల మీద వచ్చింది.”

చిన్నమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. “మిరపకాయ లేకుంట కూరనా? అందుకే సచ్చిండు పాపం!”

ఆ రెండు రోజుల్లో అందరం నవ్వింది అప్పుడొక్కసారే. టమాటా కూడా వద్దంటే చిన్నమ్మ, “నాకైతె సిగ్గయితాంది, గింత సప్పిడి తిండి పెట్టుడు,” అన్నది. మిరియాలు దంచి వేసింది. జొన్నరొట్టె, ఉలవ గుగ్గిళ్లు, మాంసం, మోదుగాకు ఇస్తరిలో వడ్డించి గుండ్ల పక్కన పెట్టాం. ఒకాయన ముంతలో కల్లు పోసి పెట్టాడు. అందరం దూరం జరిగి కూర్చున్నాం.

పక్కనున్న తుమ్మచెట్టు మీద కాకులు లేకపోలేదు. ఉన్నాయి. దిగవు. ఒకటి దిగింది. నడుచుకుంటూ ఇస్తరి దాకా వచ్చింది. తల పక్కకు తిప్పి చూసింది. నా పక్కనున్న మా క్లాసు అమ్మాయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కాకి లేచిపోయింది.

“ఏదో కోరిక ఉంది,” అన్నది అవ్వ. “చెప్పుండ్రి, ఒక్కొక్కరు చెప్పుండ్రి.”

చిన్నాయిన లేచి ఇస్తరి ముందు చేతులు కట్టుకున్నాడు. “అయ్యా, నీ జాగల నాగలి పెట్టం. నా కొడుకులు గూడ పెట్టరు.” కాకి రాలేదు. చిన్నమ్మ పోయి, “ఉప్పు తక్కువైతె చెప్పు,” అని కొంగుతో కండ్లు ఒత్తుకుంది. రాలేదు. అప్పటికే వ్యాను వచ్చి తొవ్వ మీద ఆగి ఉంది. పెద్దసారు ఇన్‌షర్టు, బూట్లతో చేను గట్టు మీద నిలబడ్డాడు. అవ్వ ఆయన్ను కూడా వదల్లేదు.

“తీస్కపోయేటోనివి నువ్వే గద సారూ? నువ్వు చెప్పాలె.”

ఆయన మేడం వైపు చూశాడు. మేడం తల ఊపింది. ఆయన ఇస్తరి ముందుకు పోయి గొంతు సవరించుకుని, “మిమ్మల్ని... భద్రంగా చూసుకుంటాం,” అన్నాడు.

“పంటి కింద చెప్తె ఇనవడ్తదా? జర గట్టిగ చెప్పు!”

“అద్దాల పెట్టెలో పెట్టి భద్రంగా చూసుకుంటాం!” అని అరిచాడు. ఆ అరుపుకు చెట్టు మీదున్న కాకులు కూడా లేచిపోయాయి.

పొద్దు నడినెత్తికి వచ్చింది. గుండ్ల నీడలు కాళ్ల కిందికి ముడుచుకున్నాయి. ఎండకు ఇస్తరి అంచులు వంగుతున్నాయి. అవ్వ కట్టె ఊతంగా లేచి, ఇస్తరి ముందు కూలబడి, తనవాళ్లతో మాట్లాడినట్టు మాట్లాడింది.

“కొడుకువో బిడ్డవో తెల్వదు. ఎవరి కడుపున పుట్టినవో తెల్వదు. మా గొర్ల మీద అలుగకు. పోతె పో, ఉంటె ఉండు. నీకెట్ల బుద్ధయితె అట్ల.”

రాలేదు. ఇక మేడం ఒక్కతే మిగిలింది. ఆమె పోయి అవ్వ పక్కన కూర్చుంది. ఏమన్నదో వినాలని అందరం ముందుకు వంగాం.

“నేను ఇన్నేండ్లు నీ అసొంటోళ్ల కోసమే తిరిగిన. నిన్ను తీస్కపోవాలని నాకు శానా ఉంది. లేదని అబద్ధం చెప్పను.” వంగిన ఇస్తరి అంచు సరిచేసింది. “నువ్వు చెప్పు.”

కూర్చున్నాం. వ్యాను డ్రైవరు కూడా దిగి వచ్చి కూర్చున్నాడు. గాలి లేదు, పిట్ట లేదు. ఎంతసేపు కూర్చున్నామో నేను గడియారం చూడలేదు. చివరికి మేడం మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది.

“మూత పెడ్దాం.”

అప్పుడు వింత జరిగింది. నిన్న పూడ్చాలని కొట్లాడినవాళ్లే వద్దన్నారు. చిన్నాయిన ఎదురు పోయి, “ఇంక పొద్దుంది మేడం, ఇంకో గడియ చూద్దాం,” అన్నాడు. అవ్వ, “ఇంకో ఇస్తరి పెడ్దాం పంతులమ్మా. వేరే కూర వండిపిస్త,” అన్నది. ఆ మధ్యాహ్నమంతా ఆమె ముఖం చూస్తూ కూర్చున్నారు కదా, వాళ్లకు ఏదో అర్థమైంది.

మేడం అవ్వ చెయ్యి పట్టుకుంది. “ముట్టేదాక పెడ్తనే ఉంటె అది అడుగుడు కాదవ్వా. బలిమి.”

అవ్వ కట్టె తీసుకుని గూటి దగ్గర నుంచి పక్కకు జరిగింది.

మేడం మరోసారి గుంతలోకి దిగి కొలతలు సరిచూసింది, బొమ్మలు గీయించింది, ఫోటోలు తీయించింది. కుండల సంగతి అడిగితే అవ్వే చెప్పింది, “కుండలు తీస్కపో. కుండలు కుమ్మరోనివి. మనిషి మట్టిది.” కుండలు సంచులకెక్కాయి. మెత్తటి మట్టి నింపి, మూత బండకు మోకులు కట్టి, ఊరంతా ఒక్క పట్టు పట్టింది. బండ గూటి మీద కూర్చున్న చప్పుడు నా అరికాళ్లకు తెలిసింది.

అందరం చేతులు దులుపుకుని వెనక్కి తిరిగాం. ఇస్తరి ఖాళీగా ఉంది.

రొట్టె లేదు. మాంసం లేదు. ముంత పక్కకు పడి ఉంది. అందరి చూపూ బండ మీదే ఉండింది. ఏం వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు.

“ముట్టింది!” అన్నది అవ్వ. చేతులు పైకెత్తి దండం పెట్టింది. “ముట్టింది పంతులమ్మా! తీస్కపో!”

పెద్దసారు గట్టు దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. “విన్నారు కదా మేడం! వాళ్లే తీసుకుపొమ్మంటున్నారు. తీయించండి బండ.” మోకులింకా విప్పలేదు. చిన్నాయిన అప్పటికే ఒక కొస చేతిలోకి తీసుకున్నాడు. నా కోసమే తీసుకున్నాడని నాకు తెలుసు. ఊరు ఒప్పుకుంది, మాట దక్కింది, మనిషి బండ కింద నాలుగడుగుల దూరంలో ఉంది. ఒక్కసారి తల ఊపితే చాలు.

మేడం ఇస్తరి దగ్గరికి పోయి వంగి చూసింది. చుట్టూ మట్టిని చూసింది. పొద్దుటి నుంచి మేం తొక్కిన అడుగులు, గొర్రె గిట్టలు, కోడి గోళ్లు, కాకి గోళ్లు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. లేచి అందరి వైపూ చూసింది.

“ఎవరన్న చూసిండ్రా?”

చిన్నమ్మ చూశానని చెప్పబోయి ఆగిపోయింది.

“కాకి తిన్నదో, కుక్క తిన్నదో నాకు తెల్వదు. చూడంది చూసిన అని నేను రాయను సార్,” అన్నది మేడం. తర్వాత చిన్నాయిన వైపు తిరిగింది. “మోకులు విప్పు చిన్నాయినా.”

మా చిన్నాయినను ఆమె చిన్నాయినా అని పిలవడం అదే మొదలు. ఆయన కంటే ఆమె పెద్దది.

దాని మీద యూనివర్సిటీలో చాలా మాటలు వచ్చాయి. కాకికి భయపడి తవ్వకం పాడుచేసిందన్నారు. ఆమె రిపోర్టులో ముగ్గు దగ్గర నుంచి ఖాళీ ఇస్తరి దాకా జరిగింది జరిగినట్టు రాసింది. నేను అదే పని మీద నా చదువు పూర్తి చేశాను. ఆ ఏడాది వానలకు ముందే ఆమె రిటైర్ అయింది. చిన్నాయిన మందలో మిగిలిన పిల్లలు బతికాయి. సూదులతోనా, అవ్వ దండంతోనా అని ఇంట్లో ఇప్పటికీ తెగలేదు.

నేను ఆమెను చివరిసారి చూసింది పోయిన దసరాకు. మనిషి సగమైంది. నేను తెచ్చిన సకినాలు కొరకలేక పాలలో నానేసుకుంది. బాధగా ఉంటుందా మేడం అని అడిగాను. ఏ సంగతో ఆమె అడగలేదు.

“ఎందుకుండదు లెక్కలమ్మా? ఆడిదో మగోడో తెల్వకుంటనే పోతనేమో.” ఒక సకినం ముక్కను పాలలో ముంచి పైకి తీసి చూసింది. “కానీ మోకు నా చేతుల ఉండె గద. విప్పిన. గది మాత్రం నాకు తెలుసు.”

ఆ రోజు సాయంత్రం మోకులు విప్పినాక వ్యాను కుండలతో వెళ్లిపోయింది. మేడం వ్యాను ఎక్కలేదు. బస్సుకు వస్తానని చెప్పి చేను గట్టు మీద కూర్చుంది. బాయి దగ్గర నీళ్లు తాగి చిన్నాయిన మంద ఇంటికి మళ్లింది. గుండ్ల దగ్గరికి వచ్చేసరికి గొర్లు ఎవరూ అదిలించకుండానే రెండు పాయలుగా చీలి, వలయానికి ఆ పక్క ఈ పక్క నుంచి పోయి, అవతల మళ్లీ ఒక్కటయ్యాయి. దుమ్ము దిగేదాకా మేడం అటే చూసింది. నేను ఆమె పక్కన కూర్చుని సామాన్లు ఎవరివి వాళ్లకు అప్పజెప్పిన లెక్క రాసుకున్నాను.

చిన్నాయిన మోకులు: ఇచ్చినం. ఊరి గడ్డపారలు, తట్టలు: ఇచ్చినం. చిన్నమ్మ కూరగంజు: తోమి ఇచ్చినం. రాతిగూట్లో మనిషి: ఇచ్చినం. ఊరికి బాకీ లేదు.